శుక్రవారం పోయే బొమ్మలు

నేను పని మానేశానని తెలిసినప్పటి నుంచి మా పేట కుర్రాళ్ళు కొందరు సాయంత్రం పూట వచ్చి కూర్చుంటున్నారు. కంప్యూటర్ సర్వీసులో కొత్తగా చేరారట, అనుభవాలు చెప్పమంటారు. నాకు తెలిసిన విండోస్ ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. నా దగ్గర మిగిలిన ఫ్లాపీలు టీ గ్లాసుల కింద పెట్టుకోవడానికే పనికొస్తున్నాయి. మిషన్లు మారాయి గాని వాటి ముందు కూర్చునే మనుషులు మారలేదు. అందుకని వాళ్ళ గురించి చెబుతాను. మధ్యలో నా గొప్పలు కొన్ని దొర్లుతాయి, సర్దుకుపోండి. వాటి సంగతి చివరికి మీకే తెలుస్తుంది.

మా ప్రొప్రయిటరు గారు

నేను మొదట టైపు మిషన్లు బాగుచేసేవాణ్ణి. విజయవాడ గవర్నరుపేటలో ఒక మేడమెట్ల కింద నా కొట్టు. కిరసనాయిలు, బ్రష్షు, స్క్రూడ్రైవరు, అంతే నా ఆస్తి. తొంభైలు వచ్చేసరికి టైపు ఇన్‌స్టిట్యూట్లు ఒక్కొక్కటే బోర్డులు మార్చుకుని కంప్యూటర్ సెంటర్లయ్యాయి. మిషన్లే లేకపోతే మెకానిక్కు ఎందుకు? అదే వీధిలో ప్రసాదరావు గారని ఒకాయన కంప్యూటర్ల షాపు పెట్టి నన్ను పిలిచారు.

"స్క్రూడ్రైవరు పట్టుకోవటం వచ్చుగా. అది చాలు. మిగతాది కస్టమరు దగ్గర నేర్చుకుందువుగానిలే" అన్నారు.

నిజంగానే అలా నేర్చుకున్నాను. ప్రసాదరావు గారికి కంప్యూటర్ ఆన్ చెయ్యడం, ఆఫ్ చెయ్యడం, అమ్మడం తప్ప మరేమీ రాదు. కాని అమ్మడంలో ఆయన్ని మించినవాడు బెజవాడలో లేడు. ఎవరి భాషలో వాళ్ళకి చెప్పేవారు. రైసుమిల్లు ఆసామి వస్తే హార్డ్ డిస్కు గోడౌను అయ్యేది. హోటలు ఆయన వస్తే ప్రాసెసరు వంటమేస్త్రి అయ్యేది. లారీల ఆయన వస్తే అదే ప్రాసెసరు ఇంజను అయిపోయేది. మొదట్లో వెనక నిలబడి నవ్వుకునేవాణ్ణి. తర్వాత నేనూ అలాగే చెప్పడం మొదలుపెట్టాను. కస్టమరుకి అర్థం కాకుండా చెప్పేవాడి కంటే కొంచెం తప్పుగా చెప్పేవాడే నయమని ఇప్పటికీ నా అభిప్రాయం.

అయితే ఆ కొంచెం తప్పు ఎక్కడో ఒకచోట మొలకెత్తుతుంది. ఆయన నోరుజారి వదిలిన పోలిక ఒకటి చల్లపల్లిలో మొలకెత్తి నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. ఆ సంగతికే వస్తున్నాను.

దసరా మర్నాడు

దానికి ముందు ఒక చిన్న ముచ్చట. మాకు అసలు పండగ దసరా కాదు, దసరా మర్నాడు. ఆ రోజు పొద్దున్నే షాపులో ఫోను మోగడం మొదలైతే సాయంత్రం దాకా ఆగేది కాదు. ఆయుధ పూజలో కంప్యూటర్‌కి కూడా బొట్టు పెడతారు కదా. కీబోర్డు నిండా కుంకుమ, మీటల సందుల్లో అక్షింతలు, ఫ్లాపీ దూరే చోట గంధం ముద్ద.

కంకిపాడులో ఒక రైసుమిల్లు ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. కారు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తారు కదా, కదిలేది ఏదైనా అంతేనని మౌసు కింద నిమ్మకాయ బద్ద పెట్టి తొక్కించాడు. అప్పట్లో మౌసు కింద ఒక గోళీ దొర్లుతూ ఉండేది. నేను వెళ్ళి మౌసు తిరగేస్తే పులుసు కారింది.

"దిష్టి పోయినట్టేనంటారా?" అని అడిగాడు ఆయన.

"మౌసు పోయిందండీ. దిష్టి సంగతి నాకు తెలీదు" అన్నాను.

ఆయన పకపకా నవ్వి కొత్త మౌసు కొనుక్కున్నాడు. కస్టమరు ముందు మనం మాత్రం నవ్వకూడదు. నవ్వదలుచుకుంటే తిరుగు బస్సు ఉండనే ఉంది. ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్ళినా మిషను మూత విప్పే ముందు "నిన్న మీ ఇంట్లో ఏం చేశారు?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. చల్లపల్లిలో ఆ మాట అడగడం మర్చిపోయాను.

గళ్ళ కాగితం మీద మామిడిపిందె

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. చల్లపల్లిలో వీరభద్రయ్య గారని చేనేత బట్టల వ్యాపారి. చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన చీరలు కొని, ఊళ్ళకి పంపేవారు. కొడుకు శ్రీనివాసు శాంపిళ్ళ మూట పట్టుకుని హైదరాబాదు, మద్రాసు తిరిగేవాడు. కోడలు నాగమణి. కంప్యూటర్ కొనాలన్న ఆలోచన ఆమెది. పెద్ద షాపులవాళ్ళు శాంపిళ్ళ ఫోటోలు మెయిల్లో పంపమంటున్నారు, ఆర్డర్లు కూడా మెయిల్లోనే ఇస్తామంటున్నారు. ఆ పని నేను చేస్తానని ఆమె పట్టుబట్టింది.

ఆ ఇంటి ఆడవాళ్ళు అంతకుముందు వెనక గదిలో చీరలు మడతలు పెట్టేవారే గాని ముందు గదిలో కూర్చున్నది లేదు. మామగారు ఒప్పుకున్నారు గాని బజారంతా వినేట్టు ఒక షరతు పెట్టారు.

"పని జరిగినన్నాళ్ళు కూచోమ్మా, నేను కాదన్ను. జరగని రోజున ఆ పెట్టె గోడౌన్లోకి, నువ్వు లోపలికి. నేను మాత్రం దాన్ని చేత్తో ముట్టను. నా తలకాయలో ఉన్న సరుకు దాంట్లో పట్టదు."

నాగమణి తెలుగులో ఏడో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా గుర్తుపడుతుంది గాని కూడబలుక్కునేసరికి తెల్లారిపోతుంది. షాపులవాళ్ళు తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు గనక ఉత్తరాల వరకు ఎలాగో నెట్టుకొచ్చేది. ఆమె తెరవాల్సిన వెబ్‌సైట్లు నాలుగు. ఉత్తరాలు చూసుకునే మెయిలు ఒకటి, చేనేత ఎగ్జిబిషన్ల వివరాలు ఒకటి, పార్సిలు ఎక్కడిదాకా వెళ్ళిందో చూసుకునేది ఒకటి, నూలు ధరలు ఒకటి. నాలుగింటికీ డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్లు పెట్టి ఇచ్చాను. నాలుగింటికీ ఒకటే బొమ్మ, నీలంరంగు 'ఈ' అక్షరం. కింద ఇంగ్లీషులో పేరు. తెలుగులో పేరు పెడదామంటే అప్పటి విండోస్‌కి తెలుగు రాదు.

"అన్నయ్యగారూ, నలుగురూ ఒకటే మొహంతో ఉన్నారేంటండీ? కవలపిల్లలు పుడితే ఒకళ్ళకి ఎర్రదారం, ఒకళ్ళకి నల్లదారం కడతాం. వీళ్ళకి కూడా ఏదన్నా కట్టండి" అంది నాగమణి.

బొమ్మలు మార్చవచ్చని చెప్పాను. ఒక్కో బొమ్మకి అడ్డంగా ముప్ఫైరెండు గళ్ళు, నిలువుగా ముప్ఫైరెండు గళ్ళు ఉంటాయని, ఏ గడిలో ఏ రంగు నింపితే ఆ బొమ్మ వస్తుందని వివరించబోయాను. ఆమె మధ్యలోనే నవ్వేసింది.

"ఇది డిజైను గ్రాఫేగా అన్నయ్యగారూ! మా నాన్న మగ్గం ఎక్కించే ముందు అంచు బుటాలన్నీ దీనిమీదే దించేవాడు."

నేను కాఫీ తాగేలోపు గళ్ళ కాగితం మీద నాలుగు బొమ్మలు దించేసింది. మెయిలుకి మామిడిపిందె, ఎగ్జిబిషన్లకి హంస, పార్సిలుకి రైలింజను, నూలు ధరలకి దారపు కండె. ఆ కాగితం విజయవాడ తీసుకెళ్ళి, గళ్ళల్లో రంగులు నింపి ఐకాన్లుగా తయారుచేసి, ఆమె మెయిలుకే పంపించాను. మళ్ళీ వెళ్ళినప్పుడు మెయిల్లోంచే తెరిచి షార్ట్‌కట్లకి తగిలించాను. అలా మెయిల్లోంచే తెరవడం మీరు గుర్తుపెట్టుకోండి.

ఆ వారమంతా నాగమణికి ఎదురులేదు. మామిడిపిందె మీద రెండుసార్లు నొక్కితే ఉత్తరాలు, హంస మీద నొక్కితే ఎగ్జిబిషన్లు. శ్రీనివాసు మద్రాసు నుంచి ఫోను చేసి అడిగేలోపే ఆమె ఫోటోలు పంపేసేది. బట్టలు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా కౌంటరు మీద వంగి ఆ బొమ్మలు చూసిపోయేవారు.

వరస శుక్రవారాలు

శుక్రవారం పొద్దున ఫోను వచ్చింది.

"అన్నయ్యగారూ, బొమ్మలు పోయినయ్యండీ. మళ్ళీ నలుగురూ ఒకటే మొహం."

శనివారం బస్సెక్కాను. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి చల్లపల్లి చేరేసరికి నడుము పట్టేసింది. మెయిలు తెరిచి బొమ్మలు మళ్ళీ తగిలించి వచ్చాను. ఆ తర్వాతి శుక్రవారం మళ్ళీ ఫోను.

ఈసారి విద్య ప్రదర్శించాను. విండోస్ తెర మీది బొమ్మలన్నిటికీ ఒక నకలు తీసి ఒక ఫైల్లో దాచుకుంటుంది. ఆ ఫైలు పాడైతే బొమ్మలు తారుమారవుతాయి. దాన్ని తీసేస్తే కొత్తది అదే తయారవుతుంది. నేను ఆ ఫైలు తీసేసి, బొమ్మలు తగిలించి, చొక్కా కాలరు ఎగరేసుకుంటూ వచ్చాను. శుక్రవారం మళ్ళీ పోయాయి.

ఇంకోసారి వెళ్ళి షార్ట్‌కట్లన్నిటినీ ఎవరూ మార్చడానికి వీల్లేకుండా రీడ్-ఓన్లీ చేశాను. దొంగతనం జరిగాక తలుపుకి రెండో తాళం వేసినట్టు. శుక్రవారం దొంగ తాళాల జోలికి పోకుండా సరుకు పట్టుకుపోయాడు.

మా ప్రసాదరావు గారు విని, "ఇంకేముందయ్యా, వైరస్సు. శుక్రవారం నాడే లేచే వైరస్సులు ఉంటాయి" అన్నారు. అలాంటివి నిజంగానే ఉండేవి. యాంటీవైరస్ సీడీ తీసుకెళ్ళి మిషనంతా గాలించాను. ఒక్క పురుగు దొరకలేదు. సీడీ మాత్రం అమ్ముడుపోయింది.

అంతవరకు ఇది నాకు బస్సు ప్రయాణమే. ఆ వారం వేరే సంగతి జరిగింది. హైదరాబాదు షాపు ఒకటి పెళ్ళిళ్ళ సీజనుకి చీరలు కావాలని మెయిలు పెట్టి, సాయంత్రంలోగా ఔననో కాదనో చెప్పమంది. ఆ రోజు శుక్రవారం. మామిడిపిందె లేదు. నాగమణి నాలుగు నీలం అక్షరాల్లో ఒకటి నొక్కితే పార్సిలు పేజీ వచ్చింది, ఇంకోటి నొక్కితే నూలు ధరలు వచ్చాయి. ఈలోపు ఇంటర్నెట్ వచ్చే ఫోను లైను తెగింది. మళ్ళీ కలిసేసరికి సాయంత్రమైంది. ఆర్డరు ఇంకెవరికో వెళ్ళిపోయింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి వీరభద్రయ్య గారు కౌంటరు దగ్గర నిలబడి ఉన్నారు. కోపంగా లేరు. అందుకే నాకు భయం వేసింది.

"ఏవయ్యా, నిన్న పోయింది బేరమైతే నేను పట్టించుకోను. మాట పోయింది. అడిగినాయనకి ఉలుకూ పలుకూ లేకపోతే ఇంకోసారి అడుగుతాడా? వచ్చే శుక్రవారం కూడా ఆ బొమ్మలు పోయినయ్యో, ఆ పెట్టెని నువ్వే మోసుకుపో. అమ్మాయ్ లోపలికెళ్ళిపోద్ది."

నాగమణి తల వంచుకుని చీర మడత పెడుతోంది. పెట్టిన మడతే మళ్ళీ విప్పి పెడుతోంది. నేను వచ్చేసేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

"నా పెళ్ళయిన కాడ్నుంచి ఆ ముందు గదిలోకి కాఫీ గ్లాసు పట్టుకుని తప్ప రాలేదు అన్నయ్యగారూ. ఇప్పుడిప్పుడే కుర్చీ నాదనిపిస్తంది. ఈసారి శనివారం రావద్దండి. శుక్రవారమే రండి. పొద్దున్నే, ముగ్గు వేళకి వచ్చెయ్యండి" అంది.

బాధలో అంటోందనుకున్నాను. ముగ్గు వేళకి ఎందుకని అడగలేదు. మిషను చెడిపోతే నాకు బెంగ ఉండదు, విడిభాగాలు దొరుకుతాయి. ఆ కుర్చీ పోతే తెచ్చి బిగించడానికి మా షాపులో ఏ పార్టూ లేదు.

తిరుగు బస్సు కంకిపాడులో ఆగినప్పుడు ఆ నిమ్మకాయ మౌసు గుర్తొచ్చింది. శుక్రవారం శుక్రవారం అని మిషను చుట్టూ తిరుగుతున్నాను గాని, శుక్రవారం నాడు ఆ ఇంట్లో ఏం చేస్తారని అడిగానా? నా తెలివికి నేనే మురిసిపోయాను. ఐకాన్లన్నీ ఒక ఫ్లాపీలోకి ఎక్కించి, శుక్రవారం తొలి బస్సుకే బయల్దేరాను.

సగం ఎత్తిన షట్టరు

చల్లపల్లిలో దిగేసరికి బజారు ఇంకా లేవలేదు. వీరభద్రయ్య గారి షాపు ముందు కళ్ళాపి జల్లి నాగమణి ముగ్గు పెడుతోంది. నన్ను చూసి తల ఊపి మళ్ళీ ముగ్గులో పడింది. షట్టరు సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి చూశాను.

వీరభద్రయ్య గారు తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కంప్యూటర్ ముందు కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. చేత్తో ముట్టనని బజారులో అన్న మాట తప్పకుండా, కండువా కొస మౌసు మీద కప్పి, ఆ కండువా మీద చెయ్యి వేసి నడుపుతున్నారు. వేడి గిన్నె దించే ఆడవాళ్ళు కూడా అంత జాగ్రత్తగా పట్టుకోరు. తెర మీద ఒక మూల ఉన్న బొమ్మ మీద నొక్కారు. ఆ బొమ్మ చీపురు.

అప్పుడు నాకు అంతా గుర్తొచ్చింది. మిషను దింపిన రోజు నేను వైర్లు తగిలిస్తుంటే మా ప్రసాదరావు గారు కొబ్బరికాయ కొట్టి, ఈయనతో చెప్పారు: "షావుకారు గారూ, ఇదిగో ఈ మూల చీపురు బొమ్మ పెట్టించాను చూడండి. ఇల్లు ఊడ్చినట్టే దీన్ని కూడా వారానికోసారి ఊడ్చాలి. లేకపోతే దుమ్ము పేరుకుపోద్ది." ఆ బొమ్మ వెనక ఉన్నది విండోస్‌లో ఉండే డిస్క్ క్లీనప్. ఆయన పోలిక చెప్పి మర్చిపోయారు. ఈయన మర్చిపోలేదు. లక్ష్మీవారం దాటి శుక్రవారం పొద్దున దీపం పెట్టే లోపు షాపులో ఊడవని మూల ఉండటం వీరభద్రయ్య గారి ఇంటా వంటా లేని విషయం. దీపం పెట్టాక ఊడవకూడదు. కోడలు బయట ముగ్గులో ఉండగా, తను ముట్టనన్న పెట్టెని తనే ఊడుస్తున్నారు.

ఆ చీపురు ఊడ్చేది ఇంటర్నెట్ నుంచి తాత్కాలికంగా దిగిన ఫైళ్ళని. మెయిల్లోంచి నేరుగా తెరిచిన బొమ్మ కూడా ఆ తాత్కాలిక ఫోల్డర్లోనే కూర్చుంటుంది. నేను ప్రతిసారీ అక్కడి నుంచే తగిలించి వచ్చాను. వీధి అరుగు మీద సరుకు పెట్టి, ఊడ్చేవాళ్ళు ఊడ్చేశారని గోల పెట్టినట్టుంది నా వ్యవహారం. కుర్రాళ్ళూ, మీరు ఎప్పుడైనా ఎవరికైనా ఇలా బొమ్మలు పెడితే ముందు వాటికంటూ ఒక సొంత ఫోల్డరు చేసి, ఎవరూ కదిలించని చోట పెట్టి, అక్కడి నుంచి తగిలించండి. తాత్కాలిక ఫోల్డర్లోంచి వద్దు, పెన్‌డ్రైవ్‌లోంచి అసలే వద్దు.

తెలిసింది సరే, ఇప్పుడేం చెయ్యాలి? నిజం చెబితే బజారు ముందు పెద్దమనిషి తల దించుకోవాలి. అలా తల దించుకున్న మనిషి ముందు చేసేది ఆ పెట్టెని బయటికి విసరడమే. చెప్పకపోతే కాసేపట్లో దీపం పెట్టి తెర చూస్తారు, బొమ్మలుండవు, నాగమణి లోపలికి వెళ్ళిపోతుంది. నాలుగడుగులు వెనక్కి వేసి, గట్టిగా దగ్గి, చెప్పులు చప్పుడు చేసుకుంటూ మళ్ళీ వచ్చాను.

వంగి లోపలికి వెళ్ళేసరికి కండువా భుజం మీదికి ఎక్కేసింది. ఆయన గోడ మీది దేవుడి పటం సర్దుతున్నారు.

"ఏందయ్యా, ఇంత పొద్దున్నే దిగావు?"

"పెట్టెకి చిన్న శాంతి చెయ్యాలండీ. దీపం పెట్టకముందే చెయ్యాలి. ఒక కొబ్బరికాయ, నాలుగు మందారాలు దొరుకుతాయా?"

"మందారాలు పెరట్లో ఉన్నయ్యి. కాయ చూసి తేవాలి" అంటూ ఆయన లోపలికి వెళ్ళారు. కాయ చూసి తేవడమంటే ఆయనకి తేలిక కాదని నాకు తెలుసు. ఊపి, నీళ్ళ చప్పుడు విని, పీచు చూసి గాని తీసుకోరు.

ఆయన అటు వెళ్ళగానే నేను కుర్చీలో పడ్డాను. ఒక కొత్త ఫోల్డరు చేశాను. ఫ్లాపీలోంచి నాలుగు బొమ్మలూ అందులోకి దించి, అక్కడి నుంచి షార్ట్‌కట్లకి తగిలించాను. మామిడిపిందె వచ్చింది, హంస వచ్చింది, ఇంజనూ కండే వచ్చాయి. తర్వాత ఒక తుంటరి పని చేశాను. ఆ మూల చీపురు బొమ్మ అలాగే ఉంచి, దాని వెనక ఉన్న డిస్క్ క్లీనప్ తీసేసి, డిస్క్‌ని సర్దే డీఫ్రాగ్‌మెంటర్ పెట్టాను. అది ఏదీ పారెయ్యదు. చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఒక పక్కకి చేర్చి పెడుతుంది, చేస్తున్నంతసేపూ తెర మీద రంగురంగుల గళ్ళు కదులుతూ ఉంటాయి. ఐకాన్ల వృత్తిలో ఇంత వెసులుబాటు ఉంది. పైన బొమ్మ ఏదైనా లోపల ఏ సరుకైనా పెట్టుకోవచ్చు.

కొబ్బరికాయ కొట్టాను. శాంతి మంత్రం కింద నాకు వచ్చిన ఒకే ఒక్క స్తోత్రం చదివాను. ఆయన దీపం వెలిగించారు. నాగమణి చెయ్యి కడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడింది. వీరభద్రయ్య గారు తెర వైపు తిరిగి, కళ్ళద్దాలు సర్దుకుని, ముందుకి వంగి చూశారు.

"ఉన్నయ్యే!" అన్నారు.

"ఎందుకుండవండీ?" అన్నాను అమాయకంగా.

ఆయన కండువా భుజం మీద సర్దుకుని, "అదేలే. ఉండాలిగా. ఉంటే మంచిదేగా" అని కోడలి వైపు చూశారు. "కూచోమ్మా. హైదరాబాదాయనకి ఇంకోసారి రాయి. ఆలస్యమైంది, ఏమనుకోవద్దని రాయి."

నాగమణి కూర్చుని మామిడిపిందె నొక్కింది. నాకు ఆ క్షణంలో ఎంత సంతోషం వేసిందంటే, చార్జీలు అడగకుండానే లేచి వచ్చేశాను.

వీరభద్రయ్య గారు బస్టాండు దాకా నడిచి వచ్చారు. సోడా తాగించారు. బస్సు వచ్చాక అన్నారు:

"ఊడిస్తే పోయేది సరుకెట్టా అవుద్ది, చెత్తేగా అనుకున్నానయ్యా. ఇవ్వాళ నిలబడినయ్యి. అయితే సరుకే." బస్సెక్కాక కిటికీ దగ్గరికి వచ్చి, "నువ్వు ఎంత పొద్దున్నే వచ్చావో నాకు తెలుసులే. ఎక్కడా అనమాక" అన్నారు.

రంగుల గళ్ళు

తర్వాత ఎప్పుడు ఆ దారిన వెళ్ళినా చల్లపల్లిలో దిగి వెళ్ళేవాణ్ణి. హైదరాబాదు షాపు మళ్ళీ ఆర్డర్లు ఇచ్చింది. నాగమణి కుర్చీకి మెత్త వచ్చింది. పక్కన ఇంకో కుర్చీ కూడా వచ్చింది. అది ఎవరిదని నేను అడగలేదు.

ఒక శుక్రవారం నేను వెళ్ళేసరికి వీరభద్రయ్య గారు ఆ రెండో కుర్చీలో కూర్చుని గళ్ళు కదలడం చూస్తున్నారు. చేతిలో కండువా లేదు.

"చూశావా, చెదిరిన చీరలన్నీ ఎట్టా బీరువాలో సర్దుతందో. మొదట్లో ఇది ఇట్టా ఊడ్చేది కాదు. ఇప్పుడు పని నేర్చుకుంది" అన్నారు.

"అవునండీ, వయసు వచ్చేకొద్దీ నేర్చుకుంటుంది" అన్నాను.

ఈ కథ నేను ఎన్ని షాపుల్లో, ఎన్ని టీకొట్ల దగ్గర చెప్పానో లెక్కలేదు. పేర్లు చెప్పేవాణ్ణి కాదు, పెద్దాయనకి మాట ఇచ్చాను గనక. మీకు చెప్పినవి కూడా మార్చిన పేర్లే. శుక్రవారం రహస్యం నేను ఎలా కనిపెట్టానో, నిమ్మకాయ గుర్తుకొచ్చి ముగ్గు వేళకి ఎలా వాలిపోయానో మాత్రం కళ్ళకు కట్టినట్టు చెప్పేవాణ్ణి. మా ప్రసాదరావు గారు కొత్తగా చేరిన వాళ్ళకి నా చేత ప్రత్యేకంగా చెప్పించేవారు, చీపురు పోలిక ఎవరిదో ఒక్కటి వదిలేసి.

కొన్నేళ్ళకి వాళ్ళు కొత్త కంప్యూటర్ కొన్నారు. అందులో విండోస్ కొత్తది. శ్రీనివాసు హైదరాబాదులోనే కొని తెచ్చాడు. ఒక గురువారం మధ్యాహ్నం మా షాపుకి ఫోను వచ్చింది. అవతల గొంతు గుసగుసగా ఉంది.

"ఏవయ్యా, నేను, వీరభద్రయ్యని. చీపురు పోయిందయ్యా. మూల ఖాళీగా ఉంది. రేపు శుక్రవారం."

సోమవారం వస్తానన్నాను. సోమవారం ఊడ్చి ఏం లాభమని ఆయన బతిమాలుకున్నారు. అమ్మాయికి చెప్పమంటే, "దానికి చెబితే ఇన్నాళ్ళూ ఊడ్చింది ఎవరని అడగదా?" అన్నారు. ఇంతలో అటు ఎవరో వచ్చినట్టుంది, ఫోను పెట్టేశారు.

సాయంత్రం మళ్ళీ ఫోను మోగింది. ఈసారి నాగమణి.

"అన్నయ్యగారూ, మీరు రానక్కర్లేదండీ. చీపురు నేను పెట్టేశాను. గ్రాఫు మీద నేనే గీశా. పాతదానికన్నా పుల్లలు బాగా వచ్చినయ్యి."

"లోపల ఏం పెట్టావమ్మా? ఊడ్చేదా, సర్దేదా?" అని అడిగాను.

"సర్దేదేనండీ, మీరు పెట్టిందే. ఊడ్చేది నేను నెలకోసారి చేసుకుంటానే ఉన్నాగా."

"ఆ చీపురు ఊడవదని నీకు ఎప్పుడు తెలిసింది?"

"మీరు మార్చిన రోజునే. ముగ్గు పెట్టేవాళ్ళకి సగం షట్టరు కింద నుంచి లోపలంతా కనపడుద్ది అన్నయ్యగారూ. మీరు వంగి చూడాలి, నేను వంగే ఉంటాగా. మామయ్యగారి కండువా నాకు రెండో శుక్రవారమే కనపడింది."

"అయితే నాకు అప్పుడే చెప్పొచ్చుగా!"

"కోడల్ని, నా నోటితో ఎట్టా చెప్పనండీ? అందుకేగా మిమ్మల్ని ముగ్గు వేళకి రమ్మన్నాను."

నిమ్మకాయ, కంకిపాడు బస్సు, నా తెలివి, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అటు నుంచి వీరభద్రయ్య గారి గొంతు వినపడింది.

"ఎవరమ్మా ఫోన్లో?"

"రాంగ్ నెంబరండీ మామయ్యగారూ" అని నాగమణి ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత చల్లపల్లి నుంచి నాకు ఫోను రాలేదు.